రోజుకి 20 ఇంగ్లీష్ పదాలు బట్టీ కొట్టినా వాడకంల వస్తలేవు, మీడియం లెవెల్ పదాలు ఎట్ల నేర్చుకోవాలె?

మిర్యాలగూడ_మనిషి

అందరికీ నమస్తే. నేను పదో తరగతి దాకా సర్కారు బడిల తెలుగు మీడియం, బీకాం కూడా తెలుగు మీడియమే. ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసుల చేస్తున్న, క్లయింట్లు అమెరికా వాళ్లు, రోజూ మెయిల్స్ చదవాలె, రాయాలె. పని అయితే మంచిగనే వస్తది, లెక్కల్ల ఒక్క రూపాయి తేడా రానియ్య, కానీ ఇంగ్లీష్ కాడికి వచ్చేసరికి చేతులు ఆగిపోతయి.

బేసిక్ పదాలు నాకు ప్రాబ్లమ్ కాదు. ఆ పైమెట్టు పదాలుంటయి చూడుండ్రి, రిలక్టెంట్, టెంటెటివ్, కాంప్లసెంట్, రెసిలియెంట్, అపారెంట్లీ, ఇసొంటివి. మరీ పెద్ద పెద్ద పండితుల మాటలు కావు, ఆఫీసుల అందరు వాడేటివే, కానీ నాకే అందుతలేవు. మూడు నెలల కింద ఎవరో వాట్సాప్ గ్రూపుల ఒక పీడీఎఫ్ పెట్టిండ్రు, ఇటు ఇంగ్లీష్ పదం అటు తెలుగు అర్థం, అంతే. రోజుకి 20 చొప్పున పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు బస్సుల నిలబడి చదివిన, 1800 దాకా అయినయి. మీరు పదం చెప్పుండ్రి నేను అర్థం టక్కున చెప్త. కానీ మెయిల్ రాసేటప్పుడు ఒక్కటి కూడా గుర్తుకు రాదు, ఎవరన్నా మాట్లాడినప్పుడు వినపడితే ఈ మాట చదివినట్టే ఉన్నదే అనుకునే లోపల వాళ్లు ముందుకు పోతరు.

మొన్న జరిగింది చెప్త. క్లయింటు మేడమ్‌కి బ్యాంక్ స్టేట్‌మెంట్లు పంపుమని మెయిల్ రాసిన, మర్యాదగ ఉండాలె అని "ఐ వాంట్ వన్ ఆబ్లిగేషన్ ఫ్రమ్ యూ" అని మొదలుపెట్టిన. మా ఊర్ల అంటం కదా, అన్నా ఒక ఆబ్లిగేషన్ చేసిపెట్టే అని, అట్ల. ఆమె "విచ్ ఆబ్లిగేషన్? ఈజ్ దిస్ ఇన్ అవర్ అగ్రిమెంట్?" అని మా మేనేజర్‌ని కూడా సీసీల పెట్టి అడిగింది. మేనేజర్ నన్ను పిలిచి ఇగ నువ్వు మెయిల్స్ రాయకు, ముందు నాకు చూపించు అన్నడు. నాలుగేండ్ల సంది చేస్తున్న పని, ఆ మాటకి మస్తు బాధైంది, రెండు రోజులు అన్నం సరిగ తినలే.

అడిగేది ఏందంటే, ఇంక వెయ్యి పదాలు బట్టీ పట్టుమంటరా, లేకపోతే పద్ధతే తప్పా? మీరెవరన్నా తెలుగు మీడియం నుంచి వచ్చి ఇది దాటినోళ్లు ఉంటే చెప్పుండ్రి. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ పేర్లు వద్దు, ఫీజు కట్టే పరిస్థితి లేదు.

---

దిల్‌సుఖ్‌నగర్_ఆస్పిరెంట్

బ్రో, నేను రెండేళ్లుగా బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేరవుతున్నా, నాది కూడా తెలుగు మీడియమే. బట్టీ మానేయకు, అది కూడా పనికొస్తుంది, ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్ 30 ప్రశ్నలు 20 నిమిషాల్లో చేయాలి, అక్కడ ఆలోచిస్తూ కూర్చునే టైం ఉండదు, అర్థం టక్కున తట్టాల్సిందే. కాకపోతే ఒక సంగతి నాక్కూడా లేటుగా తెలిసింది. సినానిమ్స్ వరకు నా బట్టీ పనిచేసింది, క్లోజ్ టెస్ట్ దగ్గర మాత్రం బోల్తా కొట్టేది. పేరాలో ఖాళీ ఇచ్చి ఆప్షన్స్ ఇస్తారు, అన్నింటికీ అర్థం నాకు తెలుసు, అయినా ఏది కూర్చుంటుందో తెలీదు. ఎందుకంటే ఆ పదం పక్కన ఏ పదం వస్తుందో నేనెప్పుడూ చూడలేదు, నా నోట్స్‌లో అన్నీ ఒంటరిగా ఉన్నాయి.

అప్పట్నుంచి హిందూ ఎడిటోరియల్‌లో రోజుకి ఒక్క పేరా, ఐదే పదాలు, వాక్యం వాక్యంగా రాసుకుంటున్నా. ఇందులో ఒకటి చెప్తా నీకు, శాంక్షన్. బ్యాంక్‌లో లోన్ శాంక్షన్ అయింది అంటే మంజూరైంది అని మనందరికీ తెలుసు. అదే మాట పేపర్లో ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టారు అని వస్తే ఆంక్షలు అని, పూర్తిగా ఉల్టా. ఆ రోజు నేను మంజూరు అనుకుని పేరా మొత్తం తలకిందులుగా అర్థం చేసుకున్నా. వాక్యం చూడకపోతే ఇది ఎవడికైనా జరుగుతుంది.

---

బాపట్ల_మాస్టారు

బాబూ, జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 33 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీ మేనేజరు అన్న మాటకి మీరు పడ్డ బాధ నాకు అర్థమైంది, నా దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది ఇదే చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ముందుగా ఒకటి నమ్మండి, 1800 పదాలు మూడు నెలల్లో గుర్తుపెట్టుకున్న బుర్రకి లోపం లేదు. లోపం ఆ పీడీఎఫ్‌లో కుడివైపు రాసిన తెలుగులో ఉంది.

మీరు చెప్పిన ఐదు పదాలే తీసుకుందాం. ఇలాంటి గైడ్లలో వీటికి ఏమి రాసుంటుందో నాకు తెలుసు, ఎందుకంటే బజారులో దొరికే గైడ్లన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. రిలక్టెంట్ అంటే విముఖుడైన. మీరు మీ జన్మలో ఎప్పుడైనా అమ్మతో "నేను ఈ పెళ్లికి విముఖుడను" అన్నారా? అనలేదు కదా. అంటే తెలియని ఇంగ్లీషు మాటని తెలియని తెలుగు మాటకి కట్టారు, రెండూ కలిసి మునిగాయి. ఇంట్లో మనం ఏమంటాం? మనసొప్పడం లేదు అంటాం. చేస్తాడు, చేయక తప్పదు, కానీ మనసొప్పడం లేదు, అదీ రిలక్టెంట్. దాని పక్కనే హెసిటెంట్ అని ఇంకొకటుంది, అది తటపటాయింపు. తటపటాయించేవాడికి చేయాలనే ఉండొచ్చు, ధైర్యం చాలదు. మనసొప్పనివాడికి ధైర్యం ఉంటుంది, ఇష్టమే ఉండదు. గైడు రెండింటికీ సంకోచం అని రాసి ఊరుకుంటుంది.

రెసిలియెంట్‌కి స్థితిస్థాపక అని రాసుంటారు. అది మనం భౌతికశాస్త్రంలో రబ్బరు గురించి చదువుకున్న మాట, మనిషికి పనికిరాదు. తుఫానుకి అరటితోట మొత్తం పడిపోయినా మళ్లీ పిలకలు నాటుకుని మరుసటి ఏడాదికి తేరుకున్న రైతుని చూశారా, ఆయన రెసిలియెంట్. దెబ్బ తిని తేరుకోవడం అందులో ఉండాలి, ఊరికే గట్టిగా నిలబడటం కాదు.

కాంప్లసెంట్ మరీ ప్రమాదం. దాని పక్కన ఆత్మతృప్తి అని ఉంటుంది. తెలుగులో ఆత్మతృప్తి మంచి మాట, జీతం తక్కువైనా ఆత్మతృప్తి ఉంది అని గర్వంగా చెప్పుకుంటాం. ఇంగ్లీషులో మీరు ఎవరినైనా కాంప్లసెంట్ అంటే అది తిట్టే. ఎలాగూ గెలుస్తామన్న ధీమాతో ప్రచారం మానేసి ఇంట్లో పడుకున్న అభ్యర్థి ఉంటాడే, ఆ ధీమా అది. మీ క్లయింటుని పొగుడుదామని ఆ మాట రాసుంటే ఆబ్లిగేషన్ కంటే పెద్ద గొడవయ్యేది.

టెంటెటివ్ అంటే తాత్కాలిక అని చెబుతారు, దాంతో పిల్లలు టెంపరరీతో కలిపేస్తారు. పెళ్లి ఇంటికి పోండి, తేడా అక్కడే ఉంది. పెళ్లి పందిరి టెంపరరీ, మూడు రోజులుండి తీసేస్తారు. ముహూర్తం మాఘమాసంలో అనుకుంటున్నామండీ, ఇంకా ఖాయం కాలేదు అంటారు చూడండి, అది టెంటెటివ్.

ఇక అపారెంట్లీ. ఈ ఒక్క పదం కోసం నేను తెలుగువాడిగా పుట్టినందుకు సంతోషిస్తాను. గైడులో స్పష్టంగా అని ఉంటుంది, అది చాలాచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. మనకి దీనికి వేరే పదమే అక్కర్లేదు, వాక్యం చివర ఒక్క అక్షరం చాలు, "ట". చెక్కు బౌన్స్ అయిందట. వాళ్లబ్బాయి అమెరికా నుంచి వచ్చేశాడట. నేను చూడలేదు, విన్నాను, నిజమే అయ్యుంటుంది, ఇంతా ఆ "ట"లో ఉంది. "అపారెంట్లీ ద చెక్ బౌన్స్‌డ్". రేపటి నుంచి మీరు "ట" అన్న ప్రతిసారీ మనసులో అపారెంట్లీ అనుకోండి, వారంలో అది మీదైపోతుంది.

అంచేత ఇంకో వెయ్యి పదాలు వద్దు. ఆ 1800లోనే రోజుకి నాలుగైదు తీసుకుని, గైడు తెలుగు కొట్టేసి, మీ మిర్యాలగూడ తెలుగులో, మీ ఇంట్లో వాడే మాటతో రాసుకోండి. మీగర్ దగ్గర స్వల్ప అని కాదు, అరకొర జీతం అని రాయండి. నోటోరియస్ దగ్గర అపఖ్యాతి చెందిన అని కాదు, పేరుమోసిన దొంగ అని రాయండి, మనం పేరుమోసిన డాక్టరు అని మంచికీ అంటాం, ఇంగ్లీషు మాట మాత్రం చెడ్డపేరుకే. ఫ్రూగల్ పొదుపరి, స్టింజీ పిసినారి, డబ్బు ఖర్చు పెట్టకపోవడం రెండింట్లోనూ ఉంది, కానీ ఒకటి మెచ్చుకోలు, ఒకటి ఎత్తిపొడుపు. ఈ మెచ్చుకోలు ఎత్తిపొడుపుల తేడా ఇంటి తెలుగులోనే దొరుకుతుంది, పుస్తకాల తెలుగులో దొరకదు. 1850ల్లో నిఘంటువు వేసిన బ్రౌన్ దొర కూడా జనం మాట్లాడే మాటలు, వాక్యాలు ఏరి మరీ పెట్టాడు, అందుకే అది ఇప్పటికీ చదవబుద్ధేస్తుంది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, చెయ్యి నొప్పెడుతోంది. మన తెలుగు మాస్టార్లు ఉపసర్గలు చెప్పేటప్పుడు ఒక శ్లోకం చెప్పేవారు, "ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్" అని, అంటే ముందు చేరిన ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే వైపు లాక్కెళ్తుందని. హృ అనే ఒక్క ధాతువు ముందు ప్ర పెడితే ప్రహారం, దెబ్బ. ఆ పెడితే ఆహారం. సం పెడితే సంహారం, వి పెడితే విహారం, పరి పెడితే పరిహారం. తెలుగు మీడియంలో చదివిన మీకు ఇది ముందే తెలుసు, ఇంగ్లీషులోనూ ఇదే కథ, లాటిన్ నుంచి వచ్చింది. డ్యూకేరే అంటే నడిపించడం. ముందుకి నడిపిస్తే ప్రొడ్యూస్, వెనక్కి నడిపిస్తే రెడ్యూస్, లోపలికి తీసుకెళ్లి పరిచయం చేస్తే ఇంట్రడ్యూస్. స్పెక్ట్ అంటే చూడటం, లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, ముందుకి చూస్తే ప్రాస్పెక్ట్, కింద నుంచి ఓరగా చూస్తే సస్పెక్ట్. అనుమానం ఉన్నవాడు ఎలా చూస్తాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రిలక్టెంట్‌లో కూడా లక్టారీ అంటే పెనుగులాడటం, లోపల మనసు ఎదురు తిరిగి పెనుగులాడుతోంది అన్నమాట. అన్నిటికీ ఇలా కుదరదు, కుదిరినచోట మాత్రం జన్మలో మర్చిపోరు.

---

తెనాలి_టు_టెక్సాస్

మాస్టారూ, "ట" గురించి చదివి నిజంగా ఒళ్లు పులకరించింది, పదేళ్లుగా ఇక్కడ అపారెంట్లీ వాడుతున్నా, ఇలా ఎప్పుడూ తట్టలేదు.

తమ్ముడూ, నీ ఆబ్లిగేషన్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇది ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లందరికీ తగిలే దెబ్బ. నీకు రాని ఇంగ్లీష్ పదాలతో ప్రాబ్లమ్ తక్కువ, వాటి దగ్గర నువ్వు జాగ్రత్తగా ఉంటావు, డిక్షనరీ చూస్తావు. ప్రాబ్లమంతా చిన్నప్పట్నుంచి తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీష్ పదాలతో. అవి మనింటికొచ్చి మనవాళ్లైపోయాయి, అర్థం మార్చుకున్నాయి, మనం చూసుకోలేదు. ఆబ్లిగేషన్ మన దగ్గర చిన్న సాయం, మొహమాటంతో అడిగేది. ఇక్కడ అది తప్పించుకోలేని బాధ్యత, కాంట్రాక్ట్‌లో రాసుండే మాట, అందుకే ఆవిడ అగ్రిమెంట్‌లో ఎక్కడుంది అని అడిగింది, ఆవిడ తప్పు కూడా లేదు. నువ్వనుకున్న దానికి ఇక్కడ ఫేవర్ అంటారు. అసలు బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగడానికి అదీ అక్కర్లేదు, "కుడ్ యు ప్లీజ్ సెండ్" అంటే సరిపోతుంది, అది చాలా మర్యాద.

నేను వచ్చిన కొత్తలో ఇంట్రడక్షన్ మీటింగ్‌లో "ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2012" అన్నాను. ఎదురుగా ఉన్నావిడ పాపం కంగారుపడి "ఓ మై, ఆర్ యు ఓకే నౌ?" అంది. ఇక్కడ పాస్ అవుట్ అంటే కళ్లు తిరిగి పడిపోవడం, చదువు పూర్తవడం అంటే గ్రాడ్యుయేట్ అవడం. అలాగే మనం డౌట్ అంటే ప్రశ్న, మాస్టారూ ఒక డౌట్ అని చెయ్యెత్తుతాం. ఇక్కడ మేనేజర్ ప్లాన్ చెప్తుంటే "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే ఆయన మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు వినపడుతుంది, క్వశ్చన్ అనాలి. ఫీలయ్యాడు అంటే మనకి బాధపడ్డాడు అని, ఇంగ్లీష్‌లో ఒట్టి "హి ఫెల్ట్" అంటే వాక్యం పూర్తవ్వనే లేదు, ఏం ఫీలయ్యాడు అని ఎదురుచూస్తారు, హర్ట్ అని చేర్చాలి. హోమ్లీ అని పెళ్లి సంబంధాల్లో ఎంత గొప్పగా రాస్తాం, అమెరికాలో ఒక అమ్మాయిని హోమ్లీ అంటే అందంగా ఉండదు అని అర్థం, దయచేసి ఎవరినీ అనకు.

నా సలహా, ఒక పేజీ వేరుగా పెట్టుకో, దాంట్లో నువ్వు తెలుగులో రోజూ వాడే ఇంగ్లీష్ పదాలు రాసుకో, టెన్షన్, అడ్జస్ట్, ఇన్నోసెంట్, సీరియస్, ఇలా. ఒక్కోటి ఇంగ్లీష్ టు ఇంగ్లీష్ డిక్షనరీలో చూడు. ఇన్నోసెంట్ అంటే మనం అమాయకుడు అనుకుంటాం, సగం కరెక్టే, కానీ నిర్దోషి అనేది అసలు అర్థాల్లో ఒకటి. ఆ అమాయకత్వానికి నైవ్ అని ఇంకో మాట ఉంది, అది కొంచెం తక్కువ చేసి అనడం.

ఇంకా పలకడం. తెలుగు లిపిలో రాసుకుంటే అక్షరం అక్షరం పలికేస్తాం, మన భాష అలాంటిది కదా. డెట్‌లో బి పలకరు, రిసీట్‌లో పి పలకరు, సటిల్‌లో బి పలకరు. ఫోన్ డిక్షనరీలో స్పీకర్ బొమ్మ ఉంటుంది, అది నొక్కి విన్నాకే రాసుకో. నువ్వు మీటింగ్‌లో పదం గుర్తుపట్టలేకపోవడానికి సగం కారణం ఇదే, నీ చెవిలో ఉన్న పదం వేరు, వాళ్ల నోట్లోంచి వచ్చేది వేరు.

---

ప్రొద్దుటూరు_అక్క

నాది పెద్ద ఉద్యోగం కాదు నాయనా, ఇంట్లోనే బట్టలు కుడతా. అయినా రాస్తున్నా, ఎందుకంటే నాకు పనికొచ్చింది నీకూ పనికొస్తాదేమో అని.

మా పాప సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. వాళ్లకిచ్చే సోషల్, సైన్సు పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పక్క పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. మీ తెలంగాణలో కూడా ఇస్తున్నారు. పాపకి చెప్పాలంటే ముందు నాకు రావాల కదా అని రాత్రి పూట చదవడం మొదలుపెట్టినా. ముందు తెలుగు పేజీ చదువుతా, కథ అర్థమైపోతాది, తర్వాత ఇంగ్లీషు పేజీ చదువుతా, అప్పుడు ఆ తెలీని మాటలు వాటంతట అవే తెలిసిపోతాయి. స్కేర్స్ అనే మాట నాకు నీళ్ల కరువు పాఠంలో తగిలింది, కడప జిల్లాలో పుట్టినదాన్ని, నీళ్లు స్కేర్స్ అంటే నాకు డిక్షనరీ ఎందుకు. ఆ పుస్తకాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి, నువ్వు తొమ్మిది పది తరగతులవి తీసుకో, మాటలు ఇంచుమించు నువ్వడిగే లెవెల్‌లోనే ఉంటాయి.

ఇంకోటి, గుర్తుపెట్టుకునేదానికి. మా ఇంట్లో పాత పెళ్లి పత్రికలు గుట్టలుండాయి, వాటి వెనక తెల్లగా ఉంటాది కదా, దాన్ని కత్తిరించి అరచేతిలో సగం ఉండే చీటీలు చేసినా. ఒక వైపు ఇంగ్లీషు వాక్యం, పదం ఉండాల్సిన చోట గీత. రెండో వైపు పదం, మన తెలుగు. మూడు చాక్లెట్ డబ్బాలు పెట్టినా. మొదటి డబ్బా రోజూ తీస్తా. కరెక్ట్ చెప్తే రెండో డబ్బాలోకి, అది మూడు రోజులకొకసారి. మళ్లీ చెప్తే మూడోది, అది ఆదివారం ఆదివారం. ఎక్కడ తప్పు చెప్పినా నేరుగా మొదటి డబ్బాలోకి వచ్చేయాల్సిందే. మిషన్ తొక్కుతా ఉంటే పాప చదువుతాది, నేను చెప్తా. మొండి చీటీలు కొన్నుండాయి, డెలిబరేట్ అనేది ఏడు సార్లు వెనక్కొచ్చింది, కావాలని చేయడం అని రాసుకున్నా గానీ నిలబడలేదు. చివరికి "నువ్వు డెలిబరేట్‌గా పాలు పొంగిచ్చినావు" అని పాప మీద వాడినా, అప్పుడు నిలబడింది.

---

దిల్‌సుఖ్‌నగర్_ఆస్పిరెంట్

అక్కా మీరు చేసినదానికి పేరుంది, లైట్నర్ బాక్స్ అంటారు, జర్మన్ భాషలో రాసే లైట్నర్ అనే ఆయన 1972లో పుస్తకంగా రాశాడు. దానికన్నా ముందు ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైంటిస్ట్ అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎన్ని గంటలకి ఎంత మర్చిపోతున్నాడో లెక్కపెట్టి 1885లో అచ్చు వేశాడు. మొదటి రోజే ఎక్కువ పోతుంది, తర్వాత నెమ్మదిగా పోతుంది, పోయేలోపు ఇంకోసారి చూస్తే ఎక్కువ కాలం ఆగుతుంది. ఫోన్‌లో అంకీ అనే యాప్ కూడా ఇలాగే ఇంకోసారి ఎప్పుడు చూడాలో లెక్కేసి చూపిస్తుంది.

బ్రో, ఏ పదాలు ముందు నేర్చుకోవాలి అనేదానికి కూడా లెక్క ఉంది. ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 పదాల జనరల్ సర్వీస్ లిస్ట్ వేశాడు, అవి నీకు దాదాపు వచ్చేసుంటాయి. వాటి తర్వాత మెట్టు 2000 సంవత్సరంలో న్యూజీలాండ్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ వేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్, 570 పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు. నెట్‌లో ఫ్రీగా ఉంది. నీ పీడీఎఫ్‌లో ఆఫీసులో ఎవరూ వాడని పదాలు చాలా ఉండుంటాయి, ఈ రెండో లిస్ట్‌తో పోల్చి చూసుకో, అందులో ఉన్నవాటికే ముందు చీటీలు చెయ్యి. మాస్టారు చెప్పినట్టు తెలుగు మాత్రం నీదే రాసుకో.

---

మిర్యాలగూడ_మనిషి

అందరికీ దండాలు. పది రోజులైంది, చెప్పకుండ పోయిన అనుకోకుండ్రి, చేసి చూసినంకనే రాద్దామని ఆగిన. అక్క చెప్పినట్టు చీటీలు చేసిన, మా రూమ్‌మేట్ చెల్లె పెండ్లి పత్రికలు మిగిలినవి ఇచ్చిండు. రోజుకి నాలుగే పదాలు. డైలీ వాడే ఇంగ్లీష్ పదాల పేజీ కూడా పెట్టిన, అండ్ల 41 అయినయి, సగానికి నేను అనుకున్న అర్థం వేరు డిక్షనరీ అర్థం వేరు, చూస్తే భయమైంది.

మాస్టారూ, మూడు వాక్యాలు రాసిన, దిద్దుండ్రి.

అవర్ టీమ్ బికేమ్ కాంప్లసెంట్ ఆఫ్టర్ ద ఫస్ట్ ఆడిట్.

అపారెంట్లీ ద క్లయింట్ చేంజ్‌డ్ హర్ బ్యాంక్.

ఐ యామ్ రిలక్టెంట్ ఫర్ ఆస్కింగ్ లీవ్.

---

బాపట్ల_మాస్టారు

మొదటిది బంగారం. రెండోది ఇంకా బాగుంది, మార్చుకుందిట అని నాకు తెలుగులోనే వినపడింది.

మూడోదానిలో రెండు సంగతులు. రిలక్టెంట్ తర్వాత ఫర్ రాదు, టు వస్తుంది, దాని వెనక క్రియ వస్తుంది, రిలక్టెంట్ టు ఆస్క్. చీటీ మీద రిలక్టెంట్ అని ఒంటరిగా రాయకండి, రిలక్టెంట్ టు అని కలిపే రాయండి, అవి రెండూ కలిసి తిరిగే మాటలు. లీవ్ ముందు కూడా ఫర్ ఉండాలి, ఆస్క్ ఫర్ లీవ్.

రెండోది వ్యాకరణం కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను. సెలవు అడగడం మీకు ఇష్టం లేదా, లేకపోతే అడగాలని ఉండి ధైర్యం చాలడం లేదా?

---

మిర్యాలగూడ_మనిషి

అడగాలనే ఉంది మాస్టారూ. అమ్మకి కంటి ఆపరేషన్ ఉంది, శుక్లం. ఊరికి పోవాలె, మూడు రోజులు. ఆ మెయిల్ సంగతి జరిగినప్పటి నుంచి మేనేజర్‌ని ఏం అడగాలన్నా నోరు వస్తలేదు.

---

బాపట్ల_మాస్టారు

అయితే అది రిలక్టెంట్ కాదు, హెసిటెంట్. తటపటాయింపు. ఆ చీటీ మీద మీ అమ్మగారి పేరు రాసుకోండి, మళ్లీ కలిసిపోవు. ఇప్పుడు సెలవు మెయిల్‌లో ఈ రెండు మాటలూ వద్దు, ఉన్నదున్నట్టు రాయండి, ఎందుకు, ఎన్ని రోజులు, మీ పని ఎవరు చూస్తారు. మూడే వాక్యాలు. రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

---

మిర్యాలగూడ_మనిషి

మాస్టారూ మన్నించుండ్రి, మీరు చూసేదాకా ఆగలేదు, ధైర్యం ఉన్నప్పుడే పంపాలె అని పంపేసిన. నాలుగు వాక్యాలైనయి. ఆఖరిది నేను ఏ చీటీ చూడకుండనే రాసిన, "ద సర్జరీ డేట్ ఈజ్ స్టిల్ టెంటెటివ్, ఐ విల్ కన్ఫర్మ్ బై థర్స్‌డే". డాక్టర్ ఇంకా ఖాయం చెయ్యలే కదా, ఆ మాట దానంతట అదే వచ్చింది.

పావుగంటల రిప్లై ఇచ్చిండు. "టేక్ కేర్ ఆఫ్ యువర్ మదర్. థర్స్‌డే ఈజ్ ఫైన్" అన్నడు. క్లయింటు మేడమ్ స్టేట్‌మెంట్ మెయిల్ కూడా సోమవారం నన్నే రాయమన్నడు.